‘లేడీ ఇన్ శాటిన్’ రీమాస్టర్: జీర తుడిస్తే పాటే పోతుంది

1958 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ‘లేడీ ఇన్ శాటిన్’ ఆల్బం పాడేనాటికి అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే వయసు 42 ఏళ్లు. గొంతు మాత్రం అరవై దాటిన మనిషిదిలా ఉంటుంది. తాగుడు, హెరాయిన్, జైలు, పోలీసులు వెంటాడటం అన్నీ ఆ గొంతులో కనబడతాయి. స్వరం పైకి వెళ్లబోయి ఆగిపోతుంది. మాట చివర శ్రుతి జారిపోయి ఊపిరి మాత్రమే మిగులుతుంది. 1959 జులై 17న, 44 ఏళ్లకే ఆమె చనిపోయింది.

పాత రికార్డుని రీమాస్టర్ చేయడమంటే మామూలుగా మరమ్మతు. చప్పుడు తగ్గించాలి, మందగించిన పై స్థాయి శబ్దాలకి పదును పెట్టాలి, ఈ కాలపు స్పీకర్లకి తగ్గట్టు తయారు చేయాలి. ఈ ఆల్బం దగ్గర ఆ అలవాటే ప్రమాదం. ఇక్కడ శిథిలమైంది టేపు కాదు, గొంతు. టేపు మీద శబ్దం ఆ కాలానికి మేలైన స్థాయిలోనే ఉంది. చప్పుడు తీసే యంత్రానికి మాత్రం ఆ రెండింటికీ తేడా తెలియదు. అందుకే ‘లేడీ ఇన్ శాటిన్’ రీమాస్టర్ మంచిదా కాదా అన్నది ఎంత శుభ్రం చేశారన్న దాన్ని బట్టి కాక, ఎక్కడ చెయ్యి ఆపారన్న దాన్ని బట్టి తేలుతుంది.

హాలిడే తొలి రికార్డు 1933లో బెన్నీ గుడ్‌మన్ బృందంతో వచ్చింది. 1935 నుంచి పియానిస్టు టెడ్డీ విల్సన్‌తో చేసిన పాటలు ఆమెకి పేరు తెచ్చాయి. పడుచు వయసులో కూడా ఆమెది పెద్ద విస్తృతి ఉన్న గొంతు కాదు, ఒక స్థాయి (స నుంచి పై స దాకా) కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆమె పనితనమంతా కాలం మీద పట్టులో ఉంది. తాళం ముందుకి సాగిపోతుంటే మాటని అర క్షణం వెనక వదిలేది. రచయిత ఇచ్చిన వరసని చదును చేసి, రెండు మూడు స్వరాల్లోనే అర్థమంతా కూర్చేది. గొంతు పాడయ్యాక కూడా ఆ కాలజ్ఞానం చెక్కుచెదరలేదు. స్వరాలు లెక్కబెట్టుకుంటూ వింటే ‘లేడీ ఇన్ శాటిన్’ పతనంలా తోస్తుంది. మాటలు ఎక్కడ పడుతున్నాయో గమనిస్తూ వింటే ఇందులో ఉన్నంత నేర్పు ఆమె తొలినాళ్ల పాటల్లో కూడా తక్కువే.

వయొలిన్ల మధ్య పాడటం ఆమెకి కొత్త కాదు. 1944లో డెక్కా కంపెనీలో పట్టుబట్టి మరీ తీగవాద్యాలు పెట్టించుకుంది. 1950లలో నిర్మాత నార్మన్ గ్రాంజ్ ఆమెని చిన్న జాజ్ బృందాలతో రికార్డు చేశాడు. అవి గొప్ప రికార్డులే, కానీ ఆమె కోరుకున్నది వేరు. 1957లో వచ్చిన రే ఎల్లిస్ వాద్య సంగీతపు ఆల్బం విని, తన పాటలకి వాద్యాలు కూర్చడానికి ఆ మనిషే కావాలని అడిగింది. కొలంబియా రికార్డు కంపెనీ తరఫున ఇర్వింగ్ టౌన్సెండ్ నిర్మాత. పాటలన్నీ ఆమె అంతకుముందు ఎన్నడూ రికార్డు చేయనివి. వాటిలో చాలావరకు ఫ్రాంక్ సినాట్రా పాడి జనంలోకి తీసుకెళ్లినవే. మొదటి పాట ‘ఐయామ్ ఎ ఫూల్ టు వాంట్ యూ’ రచయితల్లో సినాట్రా పేరు కూడా ఉంది.

రికార్డింగ్ మాన్‌హట్టన్‌లో తూర్పు 30వ వీధిలోని కొలంబియా స్టూడియోలో జరిగింది. అది ఒకప్పుడు చర్చి. చాలా ఎత్తైన కప్పు, విశాలమైన హాలు, చెక్క నేల. జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం రెండింటికీ అంత పేరున్న గది ఆ రోజుల్లో అమెరికాలో అరుదు. ఇంజినీరు ఫ్రెడ్ ప్లౌట్. లయ విభాగంలో పియానో మీద మాల్ వాల్డ్రన్, బేస్ మీద మిల్ట్ హింటన్, డ్రమ్ములకి ఓసీ జాన్సన్, గిటార్‌కి బారీ గాల్‌బ్రెయిత్. వెనక తీగవాద్యాలు, హార్ప్, ఫ్లూట్లు, ఆడగొంతుల కోరస్. జె.జె. జాన్సన్, ఎర్బీ గ్రీన్‌ల ట్రాంబోన్లు, మెల్ డేవిస్ ట్రంపెట్. రికార్డింగ్ నడుస్తున్నప్పుడు ఎల్లిస్‌కి ఆమె పాడుతున్న తీరు నచ్చలేదు. కొన్ని వారాల తర్వాత, పాళ్లు కలిపిన తుది టేపు విన్నప్పుడే తన అభిప్రాయం మారిందని ఆయనే చెప్పాడు. అది సహజమే. అంత పెద్ద హాల్లో నలభై మందికి చేరువైన వాద్యబృందం ముందు నిలబడిన మనిషికి, మైక్రోఫోనుకి ఆనుకుని పాడుతున్న గొంతులోని సన్నని వివరం వినపడదు. అది మైకుకి మాత్రమే వినపడుతుంది. ఆ వివరమే ఈ ఆల్బం.

జీర ఎక్కడుందో చప్పుడూ అక్కడే ఉంది

అయస్కాంత టేపుకి ‘స్‌స్’ అని సన్నగా ఒక హోరు సహజంగానే ఉంటుంది. హిస్ అంటారు. అది అన్ని స్థాయిల్లోనూ ఉన్నా, మన చెవికి 2,000–3,000 హెర్ట్జ్ దాటాక బాగా తెలుస్తుంది. హాలిడే గొంతు మూలస్వరం అంతకన్నా ఎంతో కింద, కొన్ని వందల హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. అక్కడ టేపు చప్పుడుతో తగవేమీ లేదు. కానీ మాట స్పష్టత 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. స లాంటి హల్లుల ఊదు 5,000 దాటాక బలంగా ఉంటుంది. ఊపిరి, గరగర, పెదవుల చప్పుడు ఈ మేరంతా పరుచుకుని ఉంటాయి. అంటే గొంతు వయసుని పట్టిచ్చే ప్రతి వివరమూ హిస్ ఉన్న చోటే కాపురముంది.

డిజిటల్ పద్ధతిలో చప్పుడు తగ్గించడం ఇలా సాగుతుంది. పాట మొదలవకముందు వాద్యాలేవీ లేని అర సెకను ముక్క తీసుకుంటారు. అందులో ఏ స్థాయిలో ఎంత చప్పుడుందో ప్రోగ్రాం ఒక నమూనా తీసుకుంటుంది. ఆ తర్వాత పాటంతా క్షణక్షణం పరీక్షిస్తూ, ఏ పౌనఃపున్యంలో శబ్దం ఆ నమూనాకి దగ్గరగా ఉంటే దాన్ని చప్పుడుగా లెక్కగట్టి తగ్గిస్తుంది. మామూలు గాయకుల విషయంలో ఇది ఓ మోస్తరుగా నడుస్తుంది. ఎందుకంటే వాళ్ల గొంతు వాక్యం చివర కూడా అచ్చు మీద, శ్రుతి మీద నిలబడి ఉంటుంది. శ్రుతి ఉన్న శబ్దాన్ని ప్రోగ్రాం సంగీతంగా గుర్తుపడుతుంది.

హాలిడే వాక్యాలు అలా ముగియవు. ‘యూవ్ చేంజ్డ్’ పాటలో పల్లవి మాటలు వచ్చిన ప్రతిసారీ చివరి హల్లుల దగ్గర ఏం జరుగుతుందో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే విషయం తేలిపోతుంది. అచ్చు నిలవదు. శ్రుతి ముందు జారి, తర్వాత పూర్తిగా విడిపోతుంది. మిగిలేది గాలి, దాని కొసన తట్టినట్టు ఒక ‘డ్’. శ్రుతి లేని ఆ గాలిని ప్రోగ్రాం హిస్ అనుకుంటుంది. తగ్గింపు 2, 3 డెసిబెళ్లు (శబ్దం హెచ్చుతగ్గుల కొలత) దాటకపోతే నష్టం పెద్దగా తెలియదు. 8, 10 డెసిబెళ్లకి వెళ్తే మాట కొస కత్తిరించినట్టు ఆగిపోతుంది. పాడే మనిషి అలసిపోయి మాట వదిలేసినట్టు కాక, ఎవరో స్విచ్ ఆపినట్టు ఉంటుంది. దాంతోపాటు వెనక వయొలిన్ల కొసల్లో నీటి బుడగలు చిట్లినట్టు ఒక కృత్రిమ శబ్దం పుడుతుంది. ఒకసారి చెవికి పట్టుబడితే ఇక ఆ పాటలో అదొక్కటే వినిపిస్తుంది.

దీనికి తోడు రెండో పొరపాటు, స, ష శబ్దాల పదును తగ్గించే సాధనాన్ని పాట మొత్తానికీ వదిలేయడం. హాలిడే గొంతులో అచ్చుల బలం తగ్గేకొద్దీ హల్లులే లయని మోస్తున్నాయి. ‘త’, ‘క’, ‘స’లు ఆమెకి దాదాపు తాళవాద్యాలు. వాటిని మెత్తబరిస్తే ఆమె మాటని వెనక్కి లాగి పాడే తీరే మసకబారుతుంది. మరీ చెవిలో గుచ్చుకునే చోటు ఒకటీ అరా ఉంటే ఆ ఒక్క హల్లునే చేత్తో పట్టుకుని 2 డెసిబెళ్లు దించాలి. పని ఎక్కువే, కానీ ఇంతకన్నా దగ్గరదారి లేదు.

వాక్యాల మధ్య ఖాళీల్లో హిస్‌ని అలాగే ఉంచాలి. గొంతు ఆగగానే చప్పుడూ ఆగి, గొంతు రాగానే చప్పుడూ తిరిగొస్తే చెవి దాన్నే పట్టుకుంటుంది. సన్నగా ఏకధారగా ఉన్న హిస్‌ని మాత్రం రెండు నిమిషాల్లో మర్చిపోతుంది.

టేపు దగ్గర జాగ్రత్తలు

1950ల అమెరికన్ స్టూడియో టేపుల్లో ఎక్కువ భాగం ఎసిటేట్ మీద తయారైనవి. పాతబడ్డ టేపు అనగానే ఓవెన్‌లో సన్నని వేడి మీద ఆరబెట్టడం గుర్తొస్తుంది. ఆ వైద్యం 1970, 80లలో వచ్చిన, జిగురు తేమ పీల్చుకునే పాలియెస్టర్ టేపులకి. ఎసిటేట్‌ని వేడి చేస్తే ఎండి, పెళుసెక్కి, అంచులు వంకర తిరుగుతాయి. దానికి కావలసింది తక్కువ బిగువుతో నెమ్మదిగా నడిపే మెషీను, ముందుగా ప్రతి అతుకునీ పరీక్షించే ఓపిక. ఏళ్లు గడిచాక అతుకుల దగ్గర జిగురు ఎండిపోయి, టేపు నడుస్తుండగానే ఊడిపోతుంది. వెనిగర్ వాసన వస్తోందంటే ఎసిటేట్ విచ్ఛిన్నం మొదలైనట్టే. అప్పుడు ఆ రీలుని మిగతావాటికి దూరంగా పెట్టి, ముందుగా దాన్నే ఎక్కించుకోవాలి.

రీలులో ఒక చుట్టు మీది శబ్దం పక్క చుట్టు మీదికి పలచగా అంటుకోవడం మరో ఇబ్బంది. సెకనుకి 15 అంగుళాల వేగంతో నడిచే టేపులో, రీలు బయటి చుట్ల దగ్గర ఒక చుట్టుకి సుమారు 2 సెకన్లు, లోపలి చుట్ల దగ్గర సుమారు 1 సెకను పడుతుంది. కాబట్టి గొంతు మొదలవడానికి ఒకటి రెండు సెకన్ల ముందే దాని నీడ వినిపించవచ్చు. హోరెత్తే బ్యాండు రికార్డుల్లో ఇది తెలియదు. మెల్లగా మొదలై, గొంతు వచ్చే ముందు వయొలిన్లు తగ్గిపోయే ఇలాంటి ఆల్బంలోనే బయటపడుతుంది. రీలుని చివరి వైపు బయటికి ఉండేలా చుట్టి దాచితే ఆ నీడలో బలమైన భాగం శబ్దానికి ముందు కాక వెనక పడుతుంది, పాట కిందే మరుగున పడిపోతుంది. అలా దాచని రీళ్లలో ఆ చోట్లు వెతికి ఒక్కొక్కటిగా సరిచేయాల్సిందే.

ఇక హెడ్ కోణం. టేపు మీద రాసినప్పటి కోణానికీ చదివే హెడ్ కోణానికీ వెంట్రుకవాసి తేడా ఉన్నా పై స్థాయి శబ్దాలు పోతాయి. అప్పుడు ఈక్వలైజర్‌తో (ఒక్కో మేర శబ్దాన్ని విడిగా హెచ్చించే సాధనంతో) వాటిని పెంచితే హిస్ కూడా పెరుగుతుంది, దాన్ని తీయడానికి మళ్లీ నాయిస్ రిడక్షన్ వస్తుంది. చాలా చెడ్డ రీమాస్టర్లలో గొంతుకి జరిగిన నష్టం ఇలా మొదటి అడుగులోనే మొదలై ఉంటుంది. ప్రతి రీలుకీ, అవసరమైతే ప్రతి అతుకు తర్వాతా కోణం సరిచూసుకుంటే ఈ గొలుసంతా తప్పుతుంది.

ఏ టేపు నుంచి ఎక్కించాలన్న ప్రశ్నకి సులువైన జవాబు లేదు. సెషన్ టేపు, అంటే పాడుతున్నప్పుడు నేరుగా ఎక్కించినది, శుభ్రంగా ఉంటుంది, కానీ దాని నుంచి వాద్యాల పాళ్లు కొత్తగా కలపాలి, ప్రతిధ్వని కొత్తగా చేర్చాలి. 30వ వీధి స్టూడియోలో గొంతుకి చేర్చే ప్రతిధ్వని కోసం నేలమాళిగలో ఒక గదే ఉండేది. అక్కడ ఒక స్పీకరు, ఒక మైకు. పైనుంచి పంపిన గొంతు గోడల మధ్య తిరిగి మళ్లీ టేపుకి చేరేది. కొలంబియా 1981లో ఆ స్టూడియోని వదిలేసింది, తర్వాత భవనాన్నీ కూల్చేశారు. ఇవాళ ఎంత మంచి డిజిటల్ ప్రతిధ్వని వాడినా అది ఆ గది కాదు. 1958లో సిద్ధం చేసిన మాస్టర్‌లో, అంటే పాళ్లు కలిపిన తుది టేపులో, ఆ గది ఉంది, కానీ అది ఒక తరం దిగిన కాపీ. ఈ ఆల్బంకి ప్రతిధ్వని అలంకారం కాదు, ఎండిపోయిన గొంతుకీ పట్టులాంటి వయొలిన్లకీ మధ్య వంతెన. కాస్త హిస్ ఎక్కువైనా 1958 నాటి పాళ్లకి కట్టుబడటమే మేలు.

పన్నెండో పాట సంగతి

1958లో ఈ ఆల్బం రెండు రూపాల్లో వచ్చింది: శబ్దమంతా ఒకే ధారగా ఉండే మోనో, ఎడమ కుడి ధారలు విడిగా ఉండే స్టీరియో. మోనో ఎల్పీ నంబరు సీఎల్ 1157, అందులో 12 పాటలు. స్టీరియో ఎల్పీ సీఎస్ 8048, అందులో 11. స్టీరియోలో లేనిది చివరి పాట, ‘ది ఎండ్ ఆఫ్ ఎ లవ్ ఎఫైర్’.

ఆ పాట హాలిడేకి సరిగ్గా రాదు. వాద్యబృందంతో కలిసి పాడటం కుదరక, ముందు వాద్యాలు మాత్రం రికార్డు చేసి, తర్వాత ఆ టేపు వినిపిస్తూ ఆమె చేత పాడించారు. ఆ కలపడం మోనోలో జరిగింది. వాద్యాల మోనో టేపు ఒక మెషీను మీద ఆడుతుంటే, ఆమె గొంతుని దానితో కలిపి ఇంకో మెషీను మీదికి ఎక్కించడం. ఒకసారి కలిశాక ఆ టేపులో గొంతునీ వాద్యాలనీ విడదీయలేరు. గొంతుతో కూడిన స్టీరియో టేపు తయారే కాలేదు గనక స్టీరియో ఎల్పీలో ఆ పాటకి చోటు దొరకలేదు.

ఆ పాటకి ఇంకో అన్యాయం కూడా జరిగింది. కాపీ మీద కాపీ కావడంతో మిగతా పాటల కన్నా దానికి హిస్ ఎక్కువ, స్పష్టత తక్కువ. పైగా మోనో ఎల్పీలో అది రెండో వైపు చివరన, రికార్డు లోపలి గాడుల్లో పడింది. 33⅓ వేగంతో తిరిగే ఎల్పీలో బయటి గాడుల దగ్గర సూది కింద సెకనుకి సుమారు 51 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది. లోపలికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే హల్లు సగం కన్నా తక్కువ జాగాలో ఇమడాలి. ‘స’లు చిట్లేది అక్కడే. ఆల్బంలో అన్నిటికన్నా బలహీనమైన టేపు రికార్డులో అన్నిటికన్నా చెడ్డ చోట కూర్చుందన్నమాట. సీడీలో, ఫైలులో ఆ రెండో కష్టం లేదు. ఈ ఒక్క పాటకి డిజిటల్ రూపం నిజంగా మేలు చేసింది.

1997లో ఫిల్ షాప్ నిర్మాణంలో, మార్క్ వైల్డర్ ఇంజినీరుగా వచ్చిన సీడీ ఈ కథని విప్పి చూపింది. 11 స్టీరియో పాటల తర్వాత పన్నెండోది మోనోలో ఉంచారు. ఆ పాట ఎలా తయారైందో వినిపించే సుదీర్ఘమైన సెషన్ ట్రాకు ఒకటి, గొంతుతో కొత్తగా కలిపిన స్టీరియో రూపం ఒకటి విడిగా చేర్చారు. ‘ఐయామ్ ఎ ఫూల్ టు వాంట్ యూ’కి రెండో టేకు కూడా ఉంది.

వేరువేరు టేపుల మీద ఉన్న గొంతునీ వాద్యాలనీ కలపడం వినడానికి తేలిక, చేయడానికి చాలా కష్టం. ఆనాటి రెండు మెషీన్లని ఒకే వేగంలో కట్టేసే ఏర్పాటు లేదు. వాటి మధ్య వేగంలో 0.1 శాతం తేడా ఉందనుకుంటే, శ్రుతిలో అది అర్ధస్వరంలో యాభయ్యో వంతు కూడా ఉండదు, ఎవరి చెవికీ అందదు. కానీ 3 నిమిషాల పాట ముగిసేసరికి గొంతు 0.18 సెకను పక్కకి జరిగిపోతుంది. మామూలు గాయని అయితే తాళం తప్పినట్టు వెంటనే పట్టేయవచ్చు. హాలిడే కావాలనే తాళానికి వెనకగా పాడుతుంది కాబట్టి ఎంత వెనకబాటు ఆమెదో, ఎంత మెషీనుదో గొంతుని బట్టి చెప్పలేం. మోనో రూపాన్నే కొలబద్దగా పెట్టుకుని, వాక్యం వాక్యానికీ గొంతుని అదే చోట నిలపాలి. వేగం తేల్చడానికి పియానో శ్రుతి, టేపులో పడ్డ 60 హెర్ట్జ్ కరెంటు గుయ్యిమనే శబ్దం ఆధారమవుతాయి. వేగం సంగతి చిన్నదని తీసిపారేయకూడదు. ఇదే స్టూడియోలో మరుసటి ఏడాది తయారైన మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో మొదటి మూడు పాటలు ఒక మెషీను నెమ్మదిగా నడిచినందువల్ల దశాబ్దాలపాటు హెచ్చు శ్రుతిలో అమ్ముడయ్యాయి. 1992లో వైల్డరే రెండో మెషీను మీది టేపు వాడి దాన్ని సరిచేశాడు.

హాలిడే శతజయంతి ఏడాది 2015లో మూడు సీడీల సంచిక వచ్చింది. అందులో సెషన్ టేకులు చాలా ఉన్నాయి. ఒకే వాక్యాన్ని ఆమె టేకు టేకుకీ వేర్వేరు చోట్ల పడేయడం వింటే, గొంతు దారి తప్పిందన్న మాట ఎంత తొందరపాటో అర్థమవుతుంది. అక్కడ వినపడేది నిర్ణయాలు.

రెండు సంచికలు పోల్చుకునేటప్పుడు

ముందు శబ్దస్థాయి సమం చేసుకోవాలి. అర డెసిబెల్ ఎక్కువున్న రికార్డు ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. వయొలిన్లు ఉప్పొంగే చోట కాకుండా, గొంతు ఒంటరిగా ఉన్న వాక్యం దగ్గర సమం చేస్తే లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కే సాధనం) ఎంత వాడారో తెలిసిపోతుంది. గొంతు దగ్గర ఒకేలా ఉండి, వయొలిన్లు లేచినప్పుడు ఒక సంచికలో చప్పగా అణిగిపోతే, ఆ సంచికలో పై అంచుని నొక్కేశారన్నమాట. నొక్కేస్తే గుసగుసకీ ఉప్పెనకీ ఎడం తగ్గుతుంది. అప్పుడు ఆమె చెవి దగ్గరికొచ్చి పాడుతున్నట్టు ఉండదు, అందరితోపాటు ఒకే గోడ మీద అతికించినట్టు ఉంటుంది.

తర్వాత మూడు చోట్లు వినాలి. మొదటి పాట ఎత్తుగడలో వయొలిన్లు సద్దుమణిగి గొంతు మొదలయ్యే క్షణం, అక్కడ ఊపిరి తీసుకోవడం వినపడాలి. ‘యూవ్ చేంజ్డ్’లో వాక్యాల కొసలు, అక్కడ గాలి మెల్లగా చల్లారాలి, తెగకూడదు. డ్రమ్ముల మీద ఓసీ జాన్సన్ బ్రష్‌ల రాపిడి, అది కూడా హిస్ మేరలోనే ఉంటుంది కాబట్టి నాయిస్ రిడక్షన్ ఎక్కువైతే బ్రష్‌లు రాపిడి పోగొట్టుకుని చప్పట్లలా వినిపిస్తాయి. గొంతు మీద అనుమానం తేలనప్పుడు బ్రష్‌లు సాక్ష్యం చెబుతాయి.

కొనేముందు పాటల పట్టీ చూసుకోవాలి. 11 పాటలే ఉంటే అది పాత స్టీరియో వరస. 12 ఉండి చివరిది మోనో అని ఉంటే, ఆల్బంని ఆనాటి మోనో శ్రోతలు విన్న క్రమంలోనే వినొచ్చు. ఆ చివరి పాటకి స్టీరియో రూపం కూడా ఉన్న సంచిక దొరికితే ముందు మోనోది వినడం మేలు. 1958లో హాలిడే బతికుండగా ఆ పాటకి బయటికొచ్చిన రూపం అదొక్కటే.